గుంట పడిన సానరాళ్ళు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. మంగళవారం షాపులకు సెలవు కదా, తీరిగ్గా చదవండి.

సంఘం గదిలో పాత పనిముట్లకు ఒక గాజు బీరువా పెడదామని అనుకున్న సంగతి మీకు తెలుసు. అటకల మీద ఉన్న పొదులు దించి తెమ్మని అడిగాం. కత్తెరలు వస్తాయి, ఇత్తడి గిన్నెలు వస్తాయి, మడత కత్తులు వస్తాయి అనుకున్నాం. అన్నీ వచ్చాయి. అనుకోకుండా వచ్చినవి రాళ్ళు. హోసూరు చుట్టుపక్కల ఇళ్ళనుంచి మొత్తం తొమ్మిది సానరాళ్ళు చేరాయి. మూడు నల్లటి పలకజాతి రాళ్ళు, ఆరు కార్బొరండం రాళ్ళు. వరసగా బల్ల మీద పెట్టి చూస్తే ఒక్కటి కూడా చదునుగా లేదు. అన్నిటికీ నడుమ గుంట. ఒకదాని గుంటలో నీళ్ళు పోస్తే చెమ్చాడు నిలిచాయి.

మనవాళ్ళ పిల్లవాడు ఒకడు ఇక్కడి కంపెనీలో టూల్‌రూంలో పని చేస్తాడు. "ఇదేం పెద్ద పని మామా, తెలిసినోళ్ళ వర్క్‌షాపులో సర్ఫేస్ గ్రైండర్ మీద పెడితే సాయంత్రానికి అన్నీ అద్దం మాదిరి అవుతాయి" అన్నాడు. మంచి మనసుతో అన్నమాటే. కానీ డెబ్భై దాటిన మా పెద్దాయన ఒకరు లేచి, "ఆ గుంట మా నాయనది. ముప్పై ఏండ్లు నూరితే పడింది. దాన్ని ఎట్ల తీస్తావప్పా?" అన్నారు. అక్కడినుంచి గదిలో రెండు పక్షాలు. గుంట ఉంటే అది పనికిరాని రాయి అని కుర్రవాళ్ళు, గుంట లేకపోతే అది ఎవరి రాయో ఎట్లా తెలుస్తుందని పెద్దవాళ్ళు. ఆ రోజు ఏమీ తేలలేదు. తేలకపోవడం మంచిదే అయింది. రాయి గురించి మేము నాలుగు పుస్తకాలు తిరగేసి, నాలుగు ఆదివారాలు చేతులు తడుపుకుని చూశాం.

ముందు గుంట వల్ల నష్టం ఏమిటో చెప్పాలి. ఇప్పటి పిల్లలు సగం బ్లేడు విరిచి పెట్టే కత్తితోనే పని నేర్చుకున్నారు, వాళ్ళకు ఈ బాధ లేదు. పాత మడత కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి నూరాలి. కత్తి వీపు, కత్తి అంచు, రెండూ ఒకేసారి రాయిని తాకాలి. ఎంత వాటంలో నూరాలో చేతికి తెలియనక్కరలేదు, వీపు మందమే ఆ వాటాన్ని పట్టి ఉంచుతుంది. మడత కత్తి చేసినవాడి తెలివంతా అక్కడుంది. అయితే ఆ తెలివి పని చెయ్యాలంటే కింద రాయి చదునుగా ఉండాలి. రాయి నడుమ దిగిపోతే కత్తి రెండు చివర్లు మాత్రమే రాతి ఒడ్లను తాకుతాయి. కొస అరుగుతుంది, మడమ అరుగుతుంది, గడ్డం గీసే నడిమి భాగం మాత్రం అట్లే మొద్దుగా ఉంటుంది. నూరిన కొద్దీ కత్తి చెడుతుంది. వంటింటి కత్తిపీటకు, కొడవలికి ఇది పెద్ద లెక్క కాదు. మనిషి గొంతు మీద నడిచే కత్తికి లెక్కే.

కత్తులకు చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన సంగతి పుస్తకాల్లో ఉంది. అలాంటి మన దేశపు ఉక్కును లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు మెచ్చి వాడాడు, 1820లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద పరిశోధన అచ్చు వేశాడు. మా ఊరు ఒకప్పుడు సేలం జిల్లాలోది. ఆ జిల్లాలో కంపెనీ ఉద్యోగం చేసిన జోసయ్య మార్షల్ హీత్ ఇక్కడి ఇనుపరాయి చూసి ఉద్యోగం వదిలేసి, పరంగిపేటలో ఇనుము కర్మాగారం పెట్టి నష్టపోయాడు. తరువాత 1839లో మాంగనీసు కలిపి ఉక్కు చేసే పద్ధతికి పేటెంటు తీశాడు. షెఫీల్డువాళ్ళకు దానివల్ల ఎంతో లాభం, ఆయనకు మాత్రం చివరిదాకా కోర్టు వ్యాజ్యాలు. మన తాతల పొదుల్లో షెఫీల్డు ముద్ర ఉన్న కత్తులు కనిపిస్తే ఈ కథ కూడా గుర్తు చేసుకోండి.

రాయికి మాత్రం అంత చరిత్ర రాసినవాళ్ళు లేరు. అక్కడొక మాట, ఇక్కడొక మాట దొరుకుతుంది. అందులో మాకు బాగా నచ్చినది బౌద్ధుల వినయ పిటకంలోది. చుల్లవగ్గలో భిక్షువులు దగ్గర ఉంచుకోదగిన వస్తువుల్లో క్షురం, దాని ఒర, ఉన్ని గుడ్డ ముక్కతో పాటు 'ఖురసిల' అని ఉంది. అంటే క్షురశిల, మన సానరాయే. కత్తి ఇచ్చి రాయి ఇవ్వకపోతే లాభం లేదని ఆ నియమం పెట్టినవాళ్ళకు తెలుసన్నమాట. ఆ వినయాన్ని రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో అప్పగించినవాడు ఉపాలి, శాక్యుల దగ్గర క్షురకుడిగా ఉండి సంఘంలో చేరినవాడు. అదే వినయంలో, మహావగ్గలో ఇంకో నియమం ఉంది. పూర్వాశ్రమంలో క్షురకుడైనవాడు ఆ పనిముట్లు వెంట ఉంచుకోకూడదట. మిగతా భిక్షువులకు కత్తీ రాయీ ఉండవచ్చు, పని తెలిసినవాడికి మాత్రం కూడదు! దీని మీద మాలో ఇద్దరు గంటసేపు వాదించుకున్నారు. అది వేరే వ్యాసానికి సరిపోయే సంగతి, ఇక్కడ వదిలేస్తున్నాం.

రోముకు చెందిన ప్లినీ మన లెక్కలో దాదాపు 1,950 ఏళ్ళ కిందటి మనిషి. సానరాళ్ళను లెక్కపెడుతూ కొన్నిటికి నూనె, కొన్నిటికి నీళ్ళు, క్షవరశాలల్లో వాడే రాళ్ళకు మాత్రం మనిషి ఉమ్మి అని రాశాడు. ఇది చదివి వినిపిస్తే మా పెద్దాయన గట్టిగా నవ్వి, "మా నాయన కూడా అంతే" అన్నారు. బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో దొరికే పసుపుపచ్చ కోటికూల్ రాయి, జర్మనీ తురింగియా పలకరాయి, అమెరికాలో అర్కాన్సా నోవాక్యులైటు, ఇవి పేరున్న క్షురశిలలు. నోవాక్యులా అంటే లాటిన్‌లో క్షవరం కత్తే. ఇవన్నీ ఖరీదైన రాళ్ళు, మన పొదుల్లోకి రాలేదు. మనవాళ్ళు దొరికిన రాయితో సరిపెట్టుకున్నారు. సాన అనే మాట చూడండి, తమిళంలో శాణై, కన్నడంలో సాణె, మూడు భాషల హోసూరులో ఎవరితో అన్నా తెలిసిపోతుంది. మాట అందరిదీ, రాయి మాత్రం ఎవరి బీదరికానికి తగ్గది వాళ్ళకు.

రాయి కొనడం ఒక ఖర్చు. దాన్ని చదునుగా ఉంచుకోవడం రెండో ఖర్చు, ఇది ప్రతి ఏడూ వచ్చే ఖర్చు. గడప రాతి మీద ఏటి ఇసుక చల్లి, నీళ్ళు పోసి, రాయిని బోర్లించి రుద్దడం మన ఇళ్ళల్లో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. పలకజాతి రాయికి అది పని చేస్తుంది. తిప్పలేమిటంటే గడప కూడా అరుగుతుంది. నాలుగేళ్ళు ఒకేచోట రుద్దితే గడపలో గుంట, ఆ గుంటలో రుద్దిన రాయికి బొజ్జ. కొందరు రెండు సానరాళ్ళు తీసుకుని ఒకదానితో ఒకటి రుద్దేవారు. ఇది చూడ్డానికి సబబుగా ఉంటుంది, రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కూర్చుంటాయి కూడా. కానీ గిన్నె, గిన్నెలో కూర్చున్న బంతి కూడా అట్లాగే అతుక్కుంటాయి. ఒకటి పల్లం, ఒకటి మిట్ట అయినా మనకు తెలియదు.

ఇక్కడ మా పెద్దాయన చెప్పిన సంగతి రాయకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. ఆయన చిన్నప్పుడు సంతవీధిలో మూడు క్షవరం అంగళ్ళు ఉండేవట. ముగ్గురికీ పడదు. గిరాకీ దగ్గర పోట్లాట, పెళ్ళి మేళం దగ్గర పోట్లాట. కానీ కొన్ని నెలలకొకసారి మంగళవారం పూట ముగ్గురూ తమ రాళ్ళు తీసుకుని బావి దగ్గర చేరేవారు. మొదటి రాయిని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని మళ్ళీ మొదటిదానితో, మధ్యమధ్య తిరగేసి రుద్దుకుంటూ పోయేవారు. "రెండు రాళ్ళయితే అబద్ధం చెప్తాయి, మూడోది సాక్షి" అని వాళ్ళ నాయన అనేవాడట. పని అయ్యాక ఎవరి రాయి వాళ్ళు తీసుకుని, మాట్లాడుకోకుండానే పోయేవారట.

ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే యంత్రాల పనివాడు 1840లో గ్లాస్గో నగరంలో పండితుల సభ ముందు చదివిన వ్యాసం సరిగ్గా ఇదే చెబుతుంది. నిజమైన చదును తెలియాలంటే మూడు పలకలు కావాలి, మూడూ జతలు మార్చుకుంటూ ఒకదానికొకటి అతికితేనే మూడూ చదును. ఆయన రుద్దడం మాని, రంగు పూసి ఎత్తుగా ఉన్నచోటు గుర్తుపట్టి గీకమన్నాడు, అది ఇంకా మెరుగైన దారి. ఆయన అంతకుముందు పని చేసిన హెన్రీ మాడ్స్‌లే కార్ఖానాలో కూడా చదును పలకల మీద పెద్ద పట్టింపు. ఈనాడు హోసూరు సిప్‌కాట్‌లో ప్రతి టూల్‌రూంలో ఉండే సర్ఫేస్ ప్లేటుకు మూలం అదే. మన టూల్‌రూం పిల్లవాడికి ఇది పాఠంలో వచ్చింది. సంతవీధి బావి దగ్గర ముగ్గురికి ఎవరు చెప్పారో పెద్దాయనకు తెలియదు. ఈ రెండు సంగతులూ ఒకేసారి విన్నప్పుడు ఆ పిల్లవాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పేస్తాం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ వజ్రాలు చెయ్యబోయి, మట్టినీ బొగ్గునూ విద్యుత్తుతో కాల్చి, కార్బొరండం చేశాడు. మొదట్లో రత్నాలు సానపట్టేవాళ్ళకు కారట్ల లెక్కన అమ్మిన వస్తువు అది. 1921లో త్రీఎమ్ కంపెనీ నీళ్ళలో తడిపినా చెడని ఉప్పు కాగితం తెచ్చింది. 1954లో మద్రాసులో మురుగప్ప కుటుంబం అమెరికా, ఇంగ్లండు కంపెనీలతో కలిసి కార్బొరండం యూనివర్సల్ పెట్టింది. అరగదీసే రాళ్ళు మన పక్కనే తయారవడం మొదలైంది. ఒకవైపు గరుకు, ఒకవైపు నున్న ఉండే ఎనిమిది అంగుళాల రాయి మన పొదుల్లో చేరింది. అది ఇసుకకు లొంగదు, ఇసుక దానికంటే మెత్తన. అందుకే మనకు వచ్చిన కార్బొరండం రాళ్ళే ఎక్కువ గుంట పడి ఉన్నాయి. చదును చేసే దారి లేక, గుంటలోనే కత్తిని అడ్డంగా, ఏటవాలుగా లాగి నూరడం అలవాటు చేసుకున్నారు. అది చేతి నైపుణ్యమే, కాదనం. కానీ ఆ నైపుణ్యం లేని కొడుకు అదే రాయి మీద నూరితే గిరాకీ గడ్డం మీద గాటు, పది మందిలో తిట్లు. రాయి తప్పుకు మనిషి తిట్లు తిన్న రోజులు ఎన్నో. ఆ తిట్లలో కులం పేరు కూడా కలిసేదని వేరే చెప్పనక్కరలేదు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మన దేశంలో మొదటిసారి ఎయిడ్స్ క్రిమిని గుర్తించింది. ఆ తరువాతి ఏళ్ళలో గిరాకీకొక కొత్త బ్లేడు అనే పద్ధతి వచ్చింది. రావలసిందే. ఇప్పుడూ అదే పాటించాలి, ఇందులో రెండో మాట లేదు. ఈ రాళ్ళ గురించి రాస్తున్నామని ఎవరూ పాత కత్తి తీసి షాపులో వాడవద్దు. అయితే ఆ మార్పుతో రాయి ఒక్క రోజులో అటకెక్కింది.

ఇక మేము చేసిన పని. సర్ఫేస్ గ్రైండర్ వద్దనుకున్నాం, తక్కువ ఖర్చులో ఎవరింట్లోనైనా చేసుకోగలిగింది కావాలనుకున్నాం. చదునైన ఆధారం కోసం మొదట గాజు పలక చూశాం. కరిగిన తగరం మీద గాజును తేలించి పోసే పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది, అప్పటినుంచి మామూలు కిటికీ గాజు కూడా మన అవసరానికి చాలినంత చదును. పలచని గాజు మాత్రం వద్దు, బరువు పెడితే వంగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అయితే కృష్ణగిరి జిల్లాలో ఉండి గాజు కోసం వెతకడం ఏమిటని మాలో ఒకరు నవ్వారు. వంటింటి గట్టుకు సింకు కోసం కోసి తీసేసిన గ్రానైటు ముక్క ఏ అంగడిలోనైనా పడి ఉంటుంది. అడిగితే ఊరికే ఇచ్చారు. స్టీలు స్కేలు నిలబెట్టి, వెనకనుంచి సెల్‌ఫోన్ దీపం వేసి చూస్తే ఎక్కడా సందులోంచి వెలుగు రాలేదు. వెంట్రుక మందం కంటే సన్నని సందు ఉన్నా వెలుగు కనిపిస్తుంది, అంతకంటే మంచి పరీక్ష డబ్బు పెట్టినా మనకు అక్కరలేదు.

గ్రానైటు మీద నీళ్ళు చల్లి ఉప్పు కాగితం పరిస్తే అతుక్కుని కదలదు. రాయి మీద పెన్సిలుతో గళ్ళు గీయాలి. రుద్దుతూ ఉంటే ఎత్తుగా ఉన్నచోట గీతలు పోతాయి, పల్లంలో నిలుస్తాయి. మొత్తం గీతలు పోయినప్పుడు మళ్ళీ గీసి, మళ్ళీ నాలుగు రుద్దులు రుద్ది, అన్నీ ఒకేసారి పోతున్నాయా అని చూడాలి. చెయ్యి తెలియకుండానే ఒకవైపు ఎక్కువ నొక్కుతుంది, అందుకని రాయిని తలకిందులుగా తిప్పుకుంటూ ఉండాలి. మొదట 120 నంబరు కాగితం, చివర 400, 600. గరుకు కాగితంతో ఆపేస్తే రాయి మీది గీతలే కత్తి అంచుకు దిగుతాయి. కార్బొరండం రాళ్ళకు కాగితం తొందరగా చచ్చిపోతుంది. కార్బొరండం పొడి తెచ్చి నీళ్ళతో గాజు మీద రుద్దితే అవి దారికొచ్చాయి. ఆ గాజు కూడా అరుగుతుంది, దాన్ని వేరే పనికి వాడవద్దు. అయిపోయాక రాతి అంచుల వాడిని కొంచెం విరిచి, బ్రష్‌తో బాగా కడగాలి. ఒక్క గరుకు నలుసు మిగిలినా కత్తికి గాటే. ఎప్పుడూ నీళ్ళతోనే చెయ్యండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, క్వారీ పనివాళ్ళున్న జిల్లా మనది, ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండో ఆదివారం మాకు ఒక సంగతి తట్టింది. తట్టడానికి అంతకాలం పట్టినందుకు సిగ్గుగానే ఉంది. మిల్లీమీటరు గుంట తియ్యాలంటే రాయిలో మిల్లీమీటరు మొత్తం పోవాలి. కాగితాల మీద కాగితాలు, భుజాలు పడిపోతున్నాయి. అప్పుడు పెద్దాయనే, "తిరగెయ్యండప్పా" అన్నారు. పలకరాళ్ళ వెనక ముఖం ఎన్నడూ వాడలేదు. గరుకుగా ఉంది, కానీ గుంట లేదు. గంటలోపు చదునైంది. ముందు ముఖం, ఆ నాయన గుంట, ముట్టుకోలేదు. మూడు పలకరాళ్ళు, ఒకే రకం నలుసున్న రెండు కార్బొరండం రాళ్ళు అట్లాగే వెనకవైపు చేశాం. మిగతా నాలుగూ రెండు వరసల రాళ్ళు, వెనకవైపు గరుకు పొర, క్షవరం కత్తికి పనికిరాదు. వాటిని ఉన్నవి ఉన్నట్టు బీరువాలో పెట్టాం, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి టూల్‌రూం పిల్లవాడి తాతది. గుంట తీసేస్తానని వాళ్ళమ్మను అడిగాడు, ఆమె సరే అంది. అతని తాత, అతని రాయి. మేము అడ్డు చెప్పలేదు. గ్రైండరు ఊసెత్తకుండా రెండు ఆదివారాలు చేత్తోనే రుద్దాడు.

నాలుగో ఆదివారం తాత కత్తిని ఆ రాయి మీద నూరి, తోలుపట్టీ మీద లాగి, తన ముంజేతి మీదే పరీక్షించుకున్నాడు. పెద్దాయన కత్తి అందుకుని, వెలుగుకు అంచు పెట్టి, బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించి చూశారు. "కొస బాగుంది. మడమ ఇంకా దిగల. ఇంకో నలభై తిప్పు" అన్నారు. పిల్లవాడు మళ్ళీ కూర్చున్నాడు.

బీరువా పని వచ్చే నెలకు పూర్తవుతుంది. ఇంట్లో రాయి ఉన్నవాళ్ళు ఇంకా ఉంటే తీసుకురండి. ముందే రుద్దేసి, కడిగేసి తేవద్దు. చెక్క పెట్టెలో అంటించి ఉంటే ఊడదీయవద్దు. ఎవరి రాయి, ఏ ఊళ్ళో, ఏ అంగడిలో వాడారో ఒక కాగితం మీద రాసి దానితో పెట్టండి. సంతవీధి మూడు రాళ్ళలో మనకు ఒకటే దొరికింది. తక్కిన రెండు ఇళ్ళవాళ్ళు ఇప్పుడు బెంగళూరులో ఉన్నారని విన్నాం, తెలిసినవాళ్ళు కబురు పెట్టండి.